రాజీ పాశం

పొయ్యి మీద పాశం ఉడికినంత సేపే త్రివేణి ఆర్మూర్‌లో ఉంటుంది. దించితే మొగుడి ఊరు ధర్పల్లి.

బయట రోడ్డు మీద తెల్లకారు ఆగి ఉంది. డ్రైవరు దాన్ని అప్పుడే ధర్పల్లి వైపు తిప్పి పెట్టుకున్నాడు. ముందు గదిలో పెద్దమనుషులు చాపల మీద కూర్చుని ఉన్నారు. వాళ్ల మధ్యలో కుర్చీలో త్రివేణి మొగుడు నరహరి, పక్కన అతని తల్లి భాగ్యవ్వ. మాట తెగింది. రాజీ కుదిరింది. ఇక మిగిలింది పాశం ఒక్కటే.

వాళ్లలో ఆ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. మొగుడూ పెళ్లాల పంచాయతీ తెగేదాకా మొగుడి తరఫువాళ్లు పిల్ల పుట్టింట్లో మంచినీళ్లు కూడా ముట్టరు. తెగాక ఆ పిల్లే తన చేత్తో బియ్యం, పాలు, బెల్లం పెట్టి పాశం వండాలి. తన చేత్తోనే మొగుడికి పెట్టాలి. అతను ఒక్క ముద్ద మింగాడా, పాత మాటలన్నీ కడుపులోకి పోయినట్టే. ఆ తర్వాత అదే ఫిర్యాదుతో ఏ పెద్దమనిషి గడప తొక్కినా, 'నీ చేత్తోనే పెట్టినవ్ గద!' అని వెనక్కి పంపిస్తారు.

అందుకే త్రివేణి మంటను సన్నగా, ఆరీ ఆరనట్టు పెట్టింది.

"కుక్కర్ల పెట్టరాదు పిల్లా? రెండు కూతలకు అయిపోతుండె," అంది వదిన శోభారాణి. వంటింట్లో త్రివేణికి తోడుగా ఆమెను కూర్చోబెట్టారు. తోడుకో కాపలాకో ఆమెకే సరిగ్గా తెలియదు.

"రాజీ పాశం కుక్కర్ల ఎవలు చేస్తరు వదినె? బియ్యం పాలల్లనే ఉడకాలె. మా అమ్మ గట్లనే చేసేది."

"మీ అమ్మ పొద్దుగూకే దాక చేసేదా?"

త్రివేణి గరిట తిప్పింది. కాపలా నిజానికి అవసరం లేదు. పసుపు పంట దిగిన రోజులు. అన్న రాజేశ్ కల్లం నుంచి తెచ్చిన బస్తాలన్నీ వంటింటి వెనక తలుపుకు అడ్డంగా, పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఇంక ఉన్నది ముందు గదిలోకి తెరుచుకునే తలుపు ఒక్కటే. ఆ గదిలో నరహరి ఉన్నాడు.

పొద్దున పంచాయతీ కూర్చోగానే పెద్దమనిషి ముత్తెన్న నెమ్మదిగానే అడిగాడు.

"కొట్టిండా బిడ్డా?"

"లేదు."

"తాగుతడా?"

"లేదు."

"తిండికి, బట్టకు తక్వ జేసిండా?"

"లేదు."

"మరేంది?"

"తాళం వేస్తడు బాపూ. ఎరువుల దుకాణం పోయేటప్పుడు బయట తాళం వేసి పోతడు. నా ఫోన్ గూడ పట్కపోతడు. మల్ల వచ్చినంకనే తీస్తడు. రోజూ గిదే."

"దొంగలు తిరుగుతున్నరు, వెయ్యడా మరి?" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

"లోపట నేనుండంగనా?"

"లోపట నువ్వుంటవనే గద బిడ్డా వేసేది! బంగారం లెక్క చూసుకుంటున్నడు," అన్నాడు ముత్తెన్న. అందరూ నవ్వారు. నరహరి కూడా సిగ్గుపడుతున్నట్టు తల దించుకుని నవ్వాడు. అతను ఎప్పుడూ గొంతు పెంచడు. పెద్దలు కనిపిస్తే లేచి నిలబడతాడు. అటువంటి అల్లుడి మీద ఏమని చెప్పుకోవాలి? దెబ్బ అయితే చూపించొచ్చు. తాళాన్ని ఒంటి మీద ఎక్కడ చూపిస్తుంది?

చిన్నాయన కూతురి పెళ్లికని వచ్చి, ఆమె తిరిగి వెళ్లలేదు. అదొక్కటే ఆమె చేయగలిగిన పని. ఇప్పుడు దానికీ గడువు తీరింది.

పాలు అంచుకు పొంగాయి. ఆమె ఊది, గరిటతో లోపలికి తోసింది.

ఆ తాళం వేసిన ఇంట్లో ఆమె చేసిందంతా ఇదే. మాట్లాడడానికి మనిషి లేదు, కిటికీకి అవతల గోడ తప్ప ఏమీ లేదు. మధ్యాహ్నం గడవాలంటే ఎక్కువసేపు పట్టే వంట కావాలి. బియ్యప్పిండి తడిపి, చేత్తో పాములా పొడుగ్గా ఒత్తి తాలికలు చేసేది. ఒక్కొక్కటే ఒత్తాలి, ఆరనివ్వాలి, బెల్లం నీళ్లలో విరగకుండా వదలాలి. గోధుమలు నానబెట్టి, దంచి, పొట్టు చెరిగి గోధుమ పాశం వండేది. గసాలు నూరేది. జ్వరమొస్తే అమ్మ పెట్టిన పెసరపప్పు పాశం, బోనాలకు చేసే బెల్లపన్నం, గుర్తుకొచ్చినవన్నీ చేసింది. చిన్నప్పుడు వాటి వాసనకే కడుపు నిండేది. అక్కడ మాత్రం గరిట తిప్పుతూ చెవి తలుపు దగ్గర పెట్టుకునేది.

నరహరికి అవంటే ప్రాణం. ఇప్పుడు కూడా ముందు గదిలో అదే చెబుతున్నాడు.

"మా త్రివేణి తాలికల పాశం తినాలె మీరు. దారం లెక్క ఒత్తుతది. గంత ఓపిక ఈ కాలంల ఎవలకుంటది చెప్పుర్రి?"

"ఓపిక సరే," అంది భాగ్యవ్వ గొంతు. "గొంతు ఎండుతుంది. ఇంతసేపా? లోపట పాశం ఒండుతుందా, పసుపు ఉడకవెడుతుందా?"

మళ్లీ నవ్వులు. త్రివేణి గరిట ఆపింది. పళ్లెంలో తురిమిన బెల్లం ఉంది. దించి, కాస్త చల్లారాకే పాలల్లో బెల్లం వేయాలి. ఉడుకుతుండగా వేస్తే పాలు విరిగిపోతాయి. శుభం కోసం పెట్టిన పాలు విరిగితే ఆ రోజుకు ఎవరూ ముద్ద ముట్టరు.

ఆమె పళ్లెం ఎత్తి గిన్నె మీదికి వంచింది.

శోభారాణి లేచి మణికట్టు పట్టుకుంది. "ఏం చేస్తున్నవ్?"

"విరగనియ్యి వదినె."

"విరిగితే ఏమైతది? పాలబూతు మూల మీదనే ఉంది. మీ అన్నను ఉరికిస్తరు. ఇంకో గిన్నె పెడతరు. నువ్వే మల్ల ఒండుతవ్. పైనుంచి నీ చెయ్యి మంచిది గాదంటరు." ఆమె పళ్లెం లాక్కుని గూట్లో పెట్టింది. కోపంగా కాదు, అలసటగా. "నాకు ఇష్టమై కూసున్న అనుకుంటున్నవా ఈడ? ఎల్లకాలం చెల్లెను ఇంట్ల పెట్టుకుంటవా అని రోజుకొకడు మీ అన్నను అడుగుతుండు. ఆయనకు నిద్ర లేదు. అయినా పిల్లా, గంత ఇబ్బందేందే? తలుపు బందుంటే ఏమైతది? టీవీ ఉంది, ఫ్రిజ్జుంది. నాకైతే ఒక్కనాడన్న ఎవలన్న తాళం వేసి పోతే నిమ్మలంగ పందామనిపిస్తది."

త్రివేణి ఏం చెబితే అర్థమవుతుందో ఆలోచించి, ఆలోచించి వదిలేసిన ప్రశ్న అది. పొద్దున్నుంచి ఆమె చెప్పిన ప్రతి మాటకీ ఎవరో ఒకరు మంచి జవాబే ఇచ్చారు. మెతుకు పట్టి చూసింది. మెత్తబడింది. ఇంకా మెత్తబడాలని మంట మరింత తగ్గించింది. అంతకంటే తగ్గిస్తే ఆరిపోతుంది.

తలుపు దగ్గర నీడ పడింది.

నరహరి లోపలికి వచ్చాడు. తెల్లచొక్కా, చేతికి గడియారం, ముఖాన చిరునవ్వు. రాజీ ముగియకుండా వంటింట్లోకి రావడం పద్ధతి కాదు. కానీ ఆ పద్ధతి కోసం అతన్ని ఆపేవాళ్లు లేరు.

"శోభక్కా, ఏమనుకోకుర్రి. అవ్వకు షుగర్ ఉంది, జర కళ్లు తిరుగుతున్నయంటుంది. అయిందా అని చూసిపోదామని."

"ఇంకా బెల్లం వెయ్యలేదు తమ్మీ," అంది శోభారాణి.

అతను గిన్నెలోకి వంగి చూశాడు. వాసన పీల్చాడు. తర్వాత త్రివేణి ఒక్కదానికే వినిపించేలా అన్నాడు. "అయిపోయింది గద. నాకు తెల్వదా ఎంతసేపు పడ్తదో? జల్దీ తే. ఇంటికి పోయినంక అన్ని మాట్లాడుకుందాం."

ఆమె గరిట తిప్పుతూనే ఉంది.

అతను వెళ్లిపోయాడు. వెనకే తలుపు దగ్గరికి పడింది. ఆ తర్వాత బయట ఇనప గొళ్లెం కొండీలో పడిన చప్పుడు. పిల్లి పాలకు దూరుతుందని రాజేశ్ పెట్టించిన గొళ్లెం అది.

శోభారాణి తల తిప్పింది. "గాలికి పడ్డదా ఏంది?"

లేచి తోసింది. తలుపు కదల్లేదు. రెండు చేతులతో తోసింది.

"త్రివేణీ, తలుపు రావట్లేదే."

"వేసిండు."

"ఎవలు?"

త్రివేణి గిన్నెలోకే చూస్తూ గరిట తిప్పింది.

"నేను గూడ లోపటనే ఉన్న గద!" అంది శోభారాణి. ఆ మాట ఆమె నోటినుంచి నవ్వులా మొదలై, సగంలో వేరే ఏదో అయింది. వెనక తలుపు వైపు చూసింది. పసుపు బస్తాలు. కిటికీ చూసింది. ఊచలు. పైట చెంగుతో మెడ తుడుచుకుంది. అప్పుడు ఆడబిడ్డ వైపు చూసింది.

త్రివేణి తలుపు వైపు తిరగనే లేదు. గొళ్లెం చప్పుడుకు ఆమె భుజం ఉలకలేదు, చెయ్యి ఆగలేదు. గరిట ఒకే లయలో తిరుగుతోంది, ధర్పల్లి ఇంట్లో అతను తాళం వేసి వెళ్లాక తిరిగినట్టు.

అది చూశాక శోభారాణి తలుపు మీద పిడికిళ్లతో బాదడం మొదలుపెట్టింది. "తియ్యిర్రి! ఎవలు వెట్టిన్రు గొళ్లెం? తియ్యిర్రి!"

అవతల ముత్తెన్న ఏదో చెబుతున్నవాడు మాట మధ్యలో ఆగాడు. ఆ గదిలో అందరి గొంతులూ ఆగాయి. ఒక్క నరహరి గొంతే మామూలుగా వినిపించింది.

"ఆఁ, చెప్పుర్రి బాపూ. ఎందుకాగిన్రు?"

చాప మీద ఎవరో కదిలిన చప్పుడు.

"ఏంది? అందరు నా దిక్కే చూస్తున్నరు? నా మొకం మీద ఏమన్న ఉందా?"

అప్పుడు ఆగింది త్రివేణి చెయ్యి. అతనికి తెలియదు. ఏం చేశాడో నిజంగానే అతనికి తెలియదు. తాను లోపల ఉంటే అతని చెయ్యి తలుపు వేస్తుంది, అంతే. దానికి దొంగలు అక్కర్లేదు, అనుమానం అక్కర్లేదు. గరిట గిన్నెలోనే వదిలేసి ఆమె మొదటిసారి తలుపు వైపు తిరిగింది.

గొళ్లెం తీసింది రాజేశ్. తలుపు తెరిచి, ముందు పెళ్లాన్ని చూశాడు, తర్వాత చెల్లెల్ని. శోభారాణి అతన్ని పక్కకు నెట్టి ముందు గదిలోకి వచ్చింది.

"ఏంది తమ్మీ గిది?"

"నేనేం చేసిన అక్కా?"

"గొళ్లెం వెట్టినవ్."

"నేనా? నేనెందుకు వెడత?" నరహరి నవ్వబోయి చుట్టూ చూశాడు. ఎవరూ నవ్వడం లేదు. చూసినవాళ్లు ఒకరిద్దరు కాదు, గదినిండా ఉన్నారు. అతను తన కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు. "గది... పిల్లి గిట్ల దూర్తదని..."

"మా ఇంట్ల పిల్లి ఉందని నీకెట్ల ఎరుక?"

భాగ్యవ్వ అందుకుంది. "గిదేమన్న పెద్ద ముచ్చటా? అలవాటు వాడికి. మా ఇంట్ల మొదటిసంది గంతే. వీళ్ల నాయిన దుకాణం పోతే నాకు గూడ వేసే పోయెటోడు. ఎన్నేండ్లు ఉండలేదు నేను? సచ్చిన్నా?"

ఆమె ఎవరైనా అవునంటారేమోనని ఒక్కొక్కరి ముఖమే చూసింది. ఆమె గొంతు సర్దుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది.

"సరే, అయిందేదో అయింది," అన్నాడు వెనకాయన. "పాశం తెమ్మనుర్రి. ఎండ ముదురుతుంది."

ముత్తెన్న చెయ్యెత్తి అతన్ని ఆపాడు. "శోభమ్మా, లోపట నీకేమనిపించింది బిడ్డా?"

"నాకా? నాకు ఆయాసమొచ్చింది బాపూ. గింతసేపుకే." ఆమె త్రివేణి వైపు చెయ్యి చూపించింది. "నా సంగతి పక్కకు వెట్టు. ఇగో, ఈ పిల్ల తలుపు దిక్కు తిరిగి గూడ చూడలే. గొళ్లెం పడ్డా గరిట తిప్పుకుంటనే ఉంది. అది చూస్తే నాకు భయమైంది."

ముత్తెన్న అరచేత్తో నోరు తుడుచుకున్నాడు. పొద్దున 'బంగారం' అన్న నోరు అదే. చివరికి గడప అవతల నిలబడ్డ త్రివేణి వైపు తిరిగాడు.

"ఏమంటవు బిడ్డా?"

పొద్దున్నుంచి అందరూ ఆమెను ఏం జరిగిందని అడిగారు. ఏమంటావని ఎవరూ అడగలేదు.

"పాశం మాడుతుంది బాపూ," అంది.

"మాడితే ఇంకోటి ఒండు," అన్నాడు నరహరి వెంటనే, మెత్తగానే.

"ఒండ." ఆమె అతన్ని చూసి కాదు, ముత్తెన్నను చూసే చెప్పింది. "ఇయ్యాల ఒండ, రేపు ఒండ. మల్ల కూసుందామన్నా నేను ఒండ. నేను ధర్పల్లి పోను."

ముత్తెన్న పక్కవాళ్ల వైపు చూశాడు. ఒకరు చాప అంచు సర్దుకున్నారు, ఒకరు తువ్వాల భుజాన వేసుకున్నారు. పాశం లేనిదే రాజీ లేదు. వండాల్సిన మనిషి వండనంటే వాళ్ల దగ్గర ఇంకో దారి లేదు.

"లే నరహరీ," అన్నాడు ముత్తెన్న. "అవ్వను తీస్కొని పో."

నరహరి లేచాడు. ముందు తలుపు దగ్గర చెప్పుల కోసం ఆగాడు. అందరి కళ్లూ అతని చేతుల మీదే ఉన్నాయి. అది అతనికీ తెలిసింది. రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు. అలా పెట్టుకుంటే చెప్పు కాలికి ఎక్కలేదు. భాగ్యవ్వ నడుం పట్టుకుని వంగి, కొడుకు చెప్పు సరిచేసింది. ఇద్దరూ మెట్లు దిగారు. తలుపు బార్లా తెరిచే ఉంది.

వంటింట్లోంచి మాడు వాసనతో పొగ వచ్చింది. ఎవరో దగ్గారు. అందరూ అలవాటుగా త్రివేణి వైపు చూశారు.

ఆమె గడప దాటి ముందు గదిలోకి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుంది. రాజేశ్ లోపలికి పోయి పొయ్యి ఆర్పాడు.