మచ్చలు తొలగించాలా?

మార్గశీర మాసము. తుషారధూమావృతములైన విజయనగరపు వీథులయందు బాలభానుని లేతకిరణములు పాలమీగడవలె పలుచగా పరచుకొనుచుండ పూలబజారు మొగదల కనకాంబరములును చేమంతులును రాసులు పోసికొని కూర్చుండిన వృద్ధపుష్పలావిక అప్పలనరసమ్మ ముడుతలువడిన వ్రేళ్లతో అరటినార చీల్చి దండ కట్టుచుండెను. ఆమె యెదుట మోకాళ్లమీద కూలబడి కన్నొకటి మూసి కెమెరా పట్టుకొనియున్నవాడు సన్న్యాసిరావు. విద్యుత్కార్యాలయమున గుమాస్తాగిరి వెలగబెట్టుచు తీరిక దొరికినప్పుడెల్ల ఛాయాచిత్రములకై యూరంతయు తిరుగు సరదారాయుడు. ముసలమ్మ కూతురు పైడమ్మ ప్రక్కన నిలిచి తల్లి మోమున పౌడరద్ది కొంగుతో సరిచేసి మురిసిపోవుచుండెను. ఆధారు కార్డులోని గుర్తుపట్టరాని బొమ్మ దక్క ఆ తల్లికి జన్మమున వేఱొక చిత్రము లేదు మఱి!

"బాబూ, గెడ్డం మీద పచ్చబొట్టు పడిందా? సచ్చినాక నాతోటి వొచ్చే నగ అదొక్కటే," అని ముసలమ్మ పకపక నవ్వెను.

"పడింది, పడింది" అనుచు సన్న్యాసిరావు మీట నొక్కెను. ఆ నవ్వు నవ్వినట్లే దొరికినది.

చిత్రము తీయుట యొక యెత్తు, దానికి మెఱుగులు దిద్దుట వేఱొక యెత్తు. మెఱుగులు దిద్దు సాఫ్టువేరులలో మేటియైనదానికి నెలనెలయు అద్దె చెల్లింపవలెను. అది గుమాస్తా జీతగానికి తలకు మించిన భారము. ఏది కొనవలెనో తెలియక అతడు తనతో కెమెరా పట్టి తిరుగు డ్రాయింగు మాస్టారు నాగభూషణము నడిగెను.

"ఉచితంగా దొరికేది ఒకటుందోయ్. నేర్చుకోడానికి నెలరోజులు తల బద్దలుకొట్టుకోవాలి గాని అసలు బొమ్మ జోలికి పోదు. దిద్దిందంతా వేరేగా దాస్తుంది. అది తీసుకో, నా మాట విను," అని యాతడు చెప్పెను.

విన్నవా డెవడు? నెలరోజుల శ్రమయన్న మాట చెవిబడినంతనే సన్న్యాసిరావునకు ఆవులింత వచ్చెను. ఒక్కమారు స్వల్పమూల్యము చెల్లించిన చాలు, ఒక్క తాకుడుతో ముసలితనము మాయము, పైపెచ్చు తెలుగులో మాటాడును అను ప్రకటన చూచి చవుకలో చవుకగా వేఱొకటి కొనితెచ్చుకొనెను. అప్పలనరసమ్మ చిత్రమును తెఱచినంతనే అది "మచ్చలు కనబడ్డాయి. తొలగించాలా?" అని యడిగెను. ఏ మచ్చలో యెక్కడి మచ్చలో చూడక వక్కపొడి నములుచు "సరే" యని నొక్కెను. ఱెప్పపాటున ముసలి మోము మైనపుబొమ్మవలె నిగనిగలాడెను. చూచినవారెల్ల ఆహా యనిరి. సన్న్యాసిరావు పొంగిపోయెను. ఆ మాయదారి సరకు క్రొత్త బొమ్మను అసలు బొమ్మమీదనే వ్రాసి పెట్టెననియు, కెమెరాలోని ప్రతిని తాను తుడిచివేసితి ననియు అతనికి స్ఫురింపనే లేదు.

ఫాల్గునమున అప్పలనరసమ్మ జ్వరమున బడి కన్నుమూసెను. పెద్దకార్యమునకు దండ వేయుటకై పైడమ్మ వచ్చి యడుగగా సన్న్యాసిరావు చిత్రమును పటము కట్టించి యెంతో ఆదరముతో చేతికిచ్చెను. ఆమె కొంతసేపు రెప్పవేయక చూచెను. పిదప వ్రేలితో పటములోని గడ్డమును తడవెను.

"పచ్చబొట్టేది బాబూ?"

సన్న్యాసిరావు పటమువైపు వంగి చూచెను. నిజము నాలుక చివరకు వచ్చి యాగెను. "అది... ఎండ ముఖానికి కొట్టింది. అందుకని పడలేదు," అని నీళ్లు నమలెను.

"ఎండ కాదు బాబూ, నానే!" అని పైడమ్మ భోరుమనెను. "వొద్దే వొద్దే అంటున్నా యినకుండా నానే పౌడరు రాసినాను. ఆ పౌడరు మింగేసింది. అమ్మకున్న ఒక్క నగా నానే తీసీసినాను!"

ఆ క్షణమున నోరు తెఱచి యొక్క మాట చెప్పిన సరిపోవును గదా! చెప్పలేదు. పటమును గుండెల కదుముకొని ఏడ్చుచు పోవుచున్న యామెను గుడ్లప్పగించి చూచుచుండెను.

నాటినుండి యతనికి అన్నము సయింపదాయెను. చేయనితప్పు నొకతె మోయుచుండ చేసినవాడు తాను చల్లగా నుండుట యెంత సిగ్గుమాలినతనము! ఎట్లయినను దిద్దివేసిన పీడ వదలునని తలచి చిత్రమున పచ్చని చుక్కలు పెట్టబూనెను. చుక్కలు మూడని మాత్రము తెలియును. అవి వరుసగా నుండెనా పొయ్యిరాళ్లవలె ముక్కోణముగా నుండెనా? ప్రతిదినము పూలు కొనుచు చూచిన మోము. ఎంత తలపోసినను జ్ఞప్తికి రాదు. నాగభూషణముకడకు పరుగెత్తగా ఆతడు చూచి చూచి "దీని అడుగున ఏమీ లేదోయ్. అసలు పోయింది," అని పెదవి విఱిచెను. తాను చెప్పిన మాట గుర్తుచేయలేదు. అది మఱింత బాధించెను.

పెద్దకార్యము నాటి యుదయమున సన్న్యాసిరావు పైడమ్మ గుమ్మమున తలవంచుకొని నిలిచెను.

"పౌడరు కాదమ్మా. ఎండా కాదు. మీ అమ్మ పచ్చబొట్టు బొమ్మలో పడింది. నేనే చెరిపేశాను. మచ్చలు తీసెయ్యనా అని అడిగితే చూడకుండా సరే అన్నాను. నీకు అబద్ధం చెప్పాను."

పైడమ్మ తలయెత్తి అతని మోమును సూటిగా చూచెను.

"మిసనుకి తెలీదు. రోజూ సూసినోడివి, నీకు తెలీదేటి?" అనెను. "ఇన్నాళ్లూ ఆ పౌడరు డబ్బా సూస్తే నా సెయ్యి నరుక్కోవాలనిపించింది బాబూ. నువ్వేమో సూస్తా ఊరుకున్నావు."

అని లోనికేగి కాటుకభరిణెయు పటమును తెచ్చి అతనిచే కాగితమును బయటికి తీయించి చిటికెనవ్రేలితో తల్లి గడ్డమున మూడు చుక్కలు పెట్టెను. రెండు ప్రక్కప్రక్కన నుండెను. మూడవది యెడమకు జారి క్రిందికి పోయెను.

"అదలాగే. సిన్నప్పుడు సూది గుచ్చుతుంటే తల తిప్పేసిందట," అనుచు కన్నీళ్లలోనే నవ్వెను. "ఇప్పుడు తియ్యి బొమ్మ. మరేటీ సెయ్యకు."

అతడు కెమెరాతో ఆ కాగితమును చిత్రము తీసెను. ఇంటికి వచ్చి అచ్చు వేయుటకై కంప్యూటరున పెట్టినంతనే పాత సాఫ్టువేరు పిలువని పేరంటమువలె తనంతట తాను తెఱచుకొనెను. క్రమము తప్పి యొదిగిన ఆ మూడు కాటుకచుక్కలచుట్టును ఎఱ్ఱని వలయములు గీసి యెప్పటివలెనే యడిగెను.

"మచ్చలు కనబడ్డాయి. తొలగించాలా?"

ఆ గదిలో వినువా రెవరును లేరు. అయినను సన్న్యాసిరావు మీట నొక్కుటకు ముందు నోరార "వద్దు" అనెను.