నా తల మీదుగా

ఆయన చొక్కాలన్నీ ఎవరికైనా ఇచ్చేయమంది అత్తయ్య. అవి బీరువాలో కళ్ళబడుతుంటే ఆమెకు ముద్ద దిగడం లేదట. ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు కానీ, అవి ఉన్నవి ఉన్నట్టుగా ఎవరికీ పనికిరావు. ప్రతి చొక్కాకీ లోపలివైపు, నడుము దగ్గర, మైకు డబ్బా పెట్టుకోవడానికి నేను కుట్టిన చిన్న జేబు ఉంటుంది. అక్కడి నుంచి కాలరు దాకా తీగ పోవడానికి సన్నటి గుడ్డ పట్టీ. బయటికి ఒక్క కుట్టు కనిపించకూడదు, ఆయన స్టేజీ మీద ఎంత గెంతినా డబ్బా జారకూడదు, చెమట లోపలికి ఇంకకూడదు. పెళ్ళికి ముందు ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే బడిలో పంతులమ్మను. హీరో పెళ్ళాం జీతానికి పనిచేస్తే పరువు పోతుందని ఆ ఉద్యోగం మాన్పించారు. ఇంట్లో జీతం లేకుండా చేస్తే మాత్రం ఎవరి పరువూ పోలేదు. ఆ జేబులే ఇప్పుడు పొద్దుటినుంచీ కత్తెర మొనతో విప్పుతూ కూర్చున్నాను.

ఆయన మొదట హోటల్లో, జనం భోజనాలు చేస్తుంటే పాడేవారు. తర్వాత క్యాసెట్లు, ఆ తర్వాత సినిమాల్లో హీరో వేషాలు. అమ్మాయిలు ఆయన ఫొటోలు దిండు కింద పెట్టుకున్న రోజులవి. నేనూ ఒకటి పెట్టుకున్నాను, దాచడమెందుకు. అప్పుడే ఒక పత్రిక ఏదో రాసింది. గే అన్న మాట వాడకుండా, చదివిన ప్రతివాడికీ అదే అర్థమయ్యేలా రాసింది. అది వచ్చిన కొద్దిరోజులకే అత్తయ్య పెళ్ళిచూపులకని మా ఇంటి మెట్లెక్కింది. మా అదృష్టానికి మావాళ్ళ కాళ్ళు నేలమీద నిలవలేదు. ఇంతమందిలో నన్నే ఎందుకు ఎంచుకున్నారని ఎవరూ అడగలేదు. నాకూ అడగాలనిపించలేదు. దిండు కింది ఫొటో నడిచి ఇంటికొస్తే ఎవరు మాత్రం అడుగుతారు?

ఆయన చెడ్డవారు కాదు. అదే నా ప్రాణానికొచ్చింది. కొట్టేవాడో తాగేవాడో అయితే నాలుగు తిట్టి పుట్టింటికి పోయేదాన్ని. ఈయన నాకు జ్వరమొస్తే తలకు తడిగుడ్డ వేసేవారు. నా వంటను మెచ్చుకునేవారు, నవ్వించేవారు. పక్క మాత్రం వేరే గదిలో. గొంతుకు విశ్రాంతి కావాలని సాకు. షూటింగులో ఒక దర్శకుడు అందరి ముందూ "మగాడిలా నడవ్వయ్యా" అన్నాడట. ఆ వారమంతా హాల్లో అద్దం ముందు అటూ ఇటూ నడవడం ప్రాక్టీసు చేశారు. నేను తలుపు చాటున నిలబడి చూస్తూ, పాత్ర కోసం ఎంత కష్టపడుతున్నారో అనుకున్నాను. పిచ్చిమొహాన్ని.

పిల్లలు లేరని డాక్టర్ల చుట్టూ తిప్పింది నన్నొక్కదాన్నే. పరీక్షలన్నీ నాకే. ఏ లోపమూ లేదని డాక్టరు చెప్పిన రోజు కార్లో అత్తయ్య, "మొగుణ్ణి దగ్గరికి తీసుకోవడం కూడా నేర్పాలా నీకు?" అంది. డ్రైవరు వింటున్నాడు. ఆ మాట ఇప్పటికీ నా ఒంట్లో ఎక్కడో ముల్లులా ఉంది.

కచేరీలకు నా కుర్చీ ప్రత్యేకం. మొదటి వరుసలో, నడవ అంచున. దాన్ని ఎక్కడ వేయాలో మా మరిది దగ్గరుండి చూసుకునేవాడు, అన్నగారి వ్యవహారాలన్నీ అతనివే. ప్రేమపాట మొదలవ్వగానే ఆయన కళ్ళు అటువైపు తిరిగేవి. కెమెరా వెంటనే నా మొహం చూపించేది. జనం ఈలలు వేసేవారు. ఆ చూపు నాదేనని నేను ఎంత నమ్మానో! ఇంట్లో దొరకనిది అక్కడ దొరుకుతోంది కదా అని, కచేరీ ఎప్పుడా అని ఎదురుచూసేదాన్ని.

ఒకసారి నెత్తిన ఏసీ నీళ్ళు కారుతుంటే లేచి, నాలుగు కుర్చీల అవతల కూర్చున్నాను. పాట మొదలైంది. ఆయన చూపు నా వెంట రాలేదు. ఖాళీ కుర్చీ వైపే చూస్తూ, అంతే ప్రేమగా పాడుతున్నారు. పాపం గమనించలేదేమో అనుకుని చెయ్యి ఊపాను. ఆ తర్వాత వెనక్కి తిరిగి ఆ చూపు ఎక్కడికి పోతోందో చూశాను. నా కుర్చీకి సూటిగా, హాలు చివర, సౌండు బల్ల. దాని వెనక సౌండాయన. హోటల్లో పాడే రోజులనుంచీ ఆయన వెంటే ఉన్న మనిషి. నేను కుట్టిన జేబులో మైకు డబ్బా పెట్టి, కాలరు సర్ది, భుజం తట్టి స్టేజీ మీదికి పంపే మనిషి. సౌండాయన బల్ల మీంచి తలెత్తి చూస్తున్నాడు. అతని మొహం చూశాక నాకు ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

మర్నాడు కాఫీ ఇస్తూ అడిగేశాను. ఆయన కప్పు కింద పెట్టేశారు. "నాకు ఆడవాళ్ళ మీద మనసు పోదు. మొదటినుంచీ అంతే. నీకు ముందే చెప్పాల్సింది. ధైర్యం చాల్లేదు" అన్నారు. ఏడ్చారు. నేనే ఓదార్చాను. ఆ పనీ నాదే మరి. ఆయన మీద జాలి లేదని కాదు, బయటపడితే చీల్చి చెండాడే జనాన్ని నేనూ చూశాను. కానీ ఆయన బతకడానికి ఒక అబద్ధం కావాల్సి వచ్చింది, ఆ అబద్ధం ఒక మనిషి అన్న సంగతి ఆ ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. మావాళ్ళు నన్ను వెనక్కి రానివ్వరు, నాకూ ఆయన మీద ప్రేమ చావలేదు. కుర్చీలో కూర్చుంటూనే ఉన్నాను. నవ్వుతూనే ఉన్నాను.

మొన్న ఆస్పత్రిలో, గొంతులో గొట్టాలతో, ఆయన కళ్ళు తలుపు వైపే ఉండేవి. సౌండాయన్ని రానివ్వమని మరిదిని బతిమాలాను. బయటివాళ్ళెందుకు వదినా, లేనిపోని మాటలొస్తాయి అన్నాడు. గేటు దగ్గర కాపలావాళ్ళకు ముందే చెప్పి ఉంచాడు. సౌండాయన గేటు బయట ఎండలో నిలబడే ఉన్నాడని తర్వాత తెలిసింది. ఆ కళ్ళు తలుపు వైపు తిరిగే ఆగిపోయాయి.

రేపు సంస్మరణ సభ. తెర మీద ఆఖరి కచేరీ వేస్తారట. ఆ పాట దగ్గర, నా పాత కుర్చీలో నేను ఏడుస్తుంటే కెమెరా తీస్తుందట. "జనానికి కావాల్సింది అదే వదినా" అన్నాడు మరిది. సౌండు బల్ల దగ్గర పాత మనిషే ఉండాలి, లేకపోతే నేను రానన్నాను. ఆ ఇంట్లో నేను పెట్టిన మొదటి షరతు అది. నా ఏడుపు అవసరం కాబట్టి ఒప్పుకున్నాడు.

జేబులన్నీ విప్పాను. ఆఖరి కచేరీ చొక్కా ఒక్కటి మాత్రం విప్పలేదు. దాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు సభకు ముందే వెళ్ళి సౌండాయన చేతిలో పెట్టాను. అతను చొక్కా లోపలికి చెయ్యి పోనిచ్చి జేబు తడిమాడు. తనకు తెలిసిన చోటే కదా. చాలాసేపు ఆ చెయ్యి బయటికి తియ్యలేదు.

"ఆ కుర్చీ కాస్త పక్కకి వేయించమని తనతో ఎన్నిసార్లు చెప్పానో మేడమ్. మీ తల మీదుగా చూసుకోవడం నాకు సిగ్గుగా ఉండేది."

"ఏమనేవారు?"

"కుర్చీ జరిగితే కెమెరా కూడా జరుగుతుంది, నేనూ అటే చూడాల్సొస్తుంది, ఆ తర్వాత నీ వైపు చూడలేను అనేవాడు."

అతన్ని అసహ్యించుకోవాలని ఎన్నేళ్ళు ప్రయత్నించానో. అసహ్యం ఆ క్షణాన కూడా రాలేదు. ఒకే మనిషి చొక్కాకు ఇద్దరం పనిచేశాం, ఇద్దరికీ ఆ మనిషి పూర్తిగా దక్కలేదు.

దీపాలు ఆరాయి. వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను. తెర మీద ఆయన వచ్చారు. పాట మొదలైంది. కెమెరావాడు నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆయన ఇటు తిరగబోతున్నారని తెలిసి, నేను లేచాను. నడవ వెంట నడుచుకుంటూ పోయి, సౌండు బల్ల వెనక, అతని పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

అప్పుడు ఆయన చూశారు. సూటిగా ఇటే. ఎంత బెంగ ఉంది ఆ చూపులో, ఎంత భయం! మొదటి వరుసలోంచి నాకిదేమీ కనబడేది కాదు. పక్కన సౌండాయన చొక్కా ఒళ్ళో పెట్టుకుని, శబ్దం రాకుండా ఏడుస్తున్నాడు. నాకూ ఏడుపొచ్చింది, కెమెరా లేని చోట.

మరిది వంగుతూ పరుగెత్తుకొచ్చాడు.

"వదినా, ఇక్కడేంటి? కుర్చీ ఖాళీగా కనబడుతోంది."

"కనబడనీ" అన్నాను. "అది మొదటినుంచీ ఖాళీగానే ఉంది."