తెగిన కూత

సింహాచలగిరిశ్రేణి వెనుకకు ఒదుగుచున్న భానుబింబము తన కడపటి కుంకుమకాంతులను విశాఖసాగరతరంగములపై వెదజల్లుచుండగా ఆ తీరనగరమందలి క్రీడామండపము సహస్రజనకోలాహలముచే సముద్రఘోషమునే మఱపించుచుండెను. నాడచ్చట కబడ్డీ పోటీ. వేతనములిచ్చి మేటి ఆటగాండ్రను పోషించు రెండు జట్లు తలపడుచుండ ప్రేక్షకుల చూపులన్నియు అసిరినాయుడను నొక్కనిపైననే నిలిచియుండెను.

మూడేండ్లకు పూర్వము అతడు కూత పట్టి గీత దాటెనన్న ఎదుటిజట్టువారి గుండెలు జాఱిపోయెడివి. అట్టివాడు మోకాటిగాయపు బాధ నోర్వలేక సూదిమందు నాశ్రయించి, బాధ తీఱినను మందు విడువజాలక, దానికి దాసుడై జట్టునుండి వెడలగొట్టబడెను. మానితినని భార్యయగు నీలవేణి యెదుట బిడ్డ తలపై చేయివేసి యెన్ని మాఱులు ప్రమాణము చేసెనో అన్ని మాఱులును తప్పెను. కడకామె "ఇంక నాకేటీ సెప్పకు మావా, వినలేను" అని చెవులు మూసికొనెను. పాపము, అతని దుఃఖములకెల్ల ఆ మాటయే పెద్దది. చికిత్సాలయమున పదునొకండు మాసములుండి నిజముగనే మందు మానివచ్చినను ఆ సంగతి యామెకు చెప్పుటకు అతనికి నోరు రాలేదు.

శిక్షకుడగు సన్యాసిరావు పదుగురు వలదనుచున్నను వినక అతనిని పిలిపించి "ఒక్క ఆట ఇత్తన్నాను. గెలిపించినావా, ఏడాదంతా సోటు నీదే" అని చెప్పియుండెను. ఆ యొక్క ఆటయే యిది. నీలవేణియు మొదటి వరుసయందు కూర్చుండియుండెను.

కడపటి నిమిషమున జట్టు ఒక్క పాయింటు వెనుకబడియుండ అసిరినాయుడు ఎడతెగని కూతతో ఎదుటిసీమ జొచ్చి ఇరువురను తాకి, పట్టవచ్చినవారి చేతులలోనుండి జాఱి గీతపై వ్రాలెను. మండపము దద్దరిల్లెను. జట్టువారు అతనిని భుజములపై కెత్తికొనిరి. అయితే గీత నందుకొనుటకు ఱెప్పపాటు ముందు అతని ఱొమ్మున శ్వాస చాలక కూత తెగినది. కూత తెగినవాడు ఎందఱను తాకివచ్చినను వెలియేయన్నది ఆ యాటకు ప్రాణమైన నియమము. ఆ జనఘోషలో అంపైరునకది వినబడలేదు. ఎఱిగినవాడు అతడొక్కడే.

అతడు భుజములపైనుండి దిగి తిన్నగా అంపైరు కడకేగెను.

"సార్, గీత తగలకముందే నా కూత తెగిపోనాది. నాను ఔటు."

గెలిచిన యాట ఓడిపోయెను. సన్యాసిరావు తలపట్టుకొని కూలబడి, పెద్ద తడవునకు లేచి వచ్చి "నీకు ఊపిరింకా కుదరలేదురా. ఈ ఏడు సోటివ్వలేను. కుదిరినాక రా, నానే పిలుత్తాను" అని వీపు తట్టి పోయెను.

జనమెల్ల వెడలిపోయిన పిదప అతడు వెలుపలి మెట్లపై ఒంటిగా కూర్చుండియుండ నీలవేణి వచ్చి ప్రక్కన కూర్చుండెను. అతడు తన్ను దాను మఱచి "ఇంకెప్పుడూ ముట్టనే..." యని యారంభించి, అంతలో నాలుక కఱచుకొనెను.

ఆమె కొంగుతో కన్నులు తుడిచికొని అతని వైపు తిరిగెను.

"సెప్పు మావా. వింటాను."

అతడు చెప్పెను. ఆమె నమ్మెను.