తువాల కింద పాట

తాండూరు బజారులో కందులు కొనేవాళ్లలో కిష్టయ్య పటేలు చేతికి మంచి పేరుంది. ఆ రోజుల్లో ధరను నోటితో అనేవాళ్లు కాదు. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుని, చేతుల మీద తువాల కప్పుకుని, లోపల వేళ్లు పట్టుకుని బేరమాడేవాళ్లు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. చివర గట్టిగా ఒక్క నొక్కు నొక్కితే అదే ఆఖరు మాట. ఆ తర్వాత నోరు విప్పి అడగడం మర్యాద కాదు.

ఈ పద్ధతి కిష్టయ్యకు కలిసొచ్చింది. అతనిది వినపడని జబ్బు కాదు, మరీ ఎక్కువగా వినపడే జబ్బు. పళ్లెం కింద పడితే ఆ మోత చెవి దగ్గర ఆగదు. పళ్ల మూలాల్లోకి దిగి, వెన్నులో పాకి, చేతివేళ్ల దాకా వచ్చి వణికిస్తుంది. అందుకే ఏ చోట ఎంత మోత ఉందో బేరీజు వేసుకుని బతుకు దిద్దుకున్నాడు. పప్పు మిల్లుకు దూరంగా దుకాణం పెట్టాడు. పెళ్లిళ్లకు బాజాలు ఆగాక వెళ్లి అక్షింతలు వేసి వచ్చేవాడు. జనం అది పెద్దరికం అనుకున్నారు. పుచ్చు గింజలను బస్తా అడుగున వేసినట్టు లోపాన్ని అడుగున దాచాడు. భార్య ఇంద్రమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. వణికే చేతితో బేరానికి ఎవరు కూర్చుంటారు?

ఇంద్రమ్మ తమ్ముడు బాల్‌రాజ్ ఎదురుగా చాయ్ హోటల్ తెరిచేదాకా అంతా సాఫీగానే నడిచింది. అతను సికింద్రాబాదు నుంచి రికార్డులు తిప్పే పెట్టె తెచ్చి, చూరుకు బాకా కట్టాడు.

"రాక్ పాటలంట బావా. కరెంటు గిటారు. మాట సమజ్ గాకున్నా కాళ్లు ఆగయి."

"కాళ్లు ఆగకుంటె చాయ్ తాగినోడు పైసలియ్యకుండ ఉరుకుతడు, చూస్కో."

"నీకేం ఎరుక. పెండ్లినాడు గూడ చెవులల్ల దూది పెట్టుకున్న మనిషివి. మా అక్క చెప్పింది."

కిష్టయ్య నవ్వి ఊరుకున్నాడు. అసలు సంగతి చెప్పాలంటే అదే అదను. చెప్పలేదు.

మూడో నాడు యాలాల నుంచి బీరన్న బండి వచ్చింది. గొర్లు కాసుకునే ఇంటివాడు. ఆ ఏడే మొదటిసారి కంది వేశాడు. రజాకార్ల గడబిడలో కిష్టయ్య అతని గొర్ల దొడ్డిలో తలదాచుకున్నాడు. బయట తుపాకులు పేలుతుంటే గొర్ల మధ్య పడుకుని, వాటి ఊపిరి వింటూ తెల్లవార్చాడు. అందుకే బీరన్నకు బజారులో అందరికంటే మంచి ధర ఇవ్వాలని మనసులో ముందే ఖాయం చేసుకున్నాడు.

తువాల కింద కిష్టయ్య, బీరన్నవి నాలుగు వేళ్లూ పట్టుకున్నాడు. ఇక నొక్కడమే మిగిలింది. అప్పుడే ఎదుటి హోటల్లో రికార్డు మొదలైంది.

మొదట సూది గీరుకున్న చప్పుడు, బండ మీద ఇసుక జారినట్టు. తర్వాత ఒక లావు తీగ మోగింది. అది చెవికి కాదు, కడుపుకు వినిపించింది. ఎద్దు వీపు మీద చెయ్యి వేస్తే లోపల తెలిసే వెచ్చటి కదలికలా ఉంది. బాగుందే అనుకున్నాడు. అంతలో డ్రమ్ములు పడ్డాయి. ఒక్కో దెబ్బ పక్కటెముకల మీదే. వాటి మీదుగా గిటారు కేక పెట్టింది. నాపరాయి మీద మేకుతో గీసినట్టు ఆ కేక తల లోపల ఈ కొస నుంచి ఆ కొసకు పోయింది. నోట్లో రాగి రుచి. వేళ్లు జారాయి. చెయ్యి తనది కానట్టు బీరన్న ఒక్క వేలి మీద బిగుసుకుపోయింది.

బీరన్న చెయ్యి తీసుకున్నాడు. తువాల మడిచి కిష్టయ్య ముందు పెట్టాడు.

"గంతేనా పటేలా."

"బీరన్నా, జర ఆగు..."

"ఆఖరి నొక్కు నొక్కినవు. ఇంకేం మాట."

అతను బండి తోలుకుపోయి రైలు స్టేషను దగ్గర ఎడ్లు విప్పాడు.

ఇంద్రమ్మ దుకాణం వెనక ఇంటి తలుపు చాటు నుంచి అంతా చూసింది. "పోయి చెవుల సంగతి చెప్పరాదా."

"చెప్తె రేపటిసంది నా చేతిల చెయ్యెవడు పెడ్తడు?"

"చెప్పకుంటె పెడ్తరా? గాయన ఊరికి వోయి నిన్ను దొంగ అనడా?"

కిష్టయ్య చాలాసేపు తూచుకున్నాడు. ఎటు చూసినా నష్టమే. కానీ దొడ్డిలో చోటిచ్చినవాడు తనను మోసగాడు అనుకోవడం ఏ త్రాసుకూ ఎక్కలేదు. తువాల భుజాన వేసుకుని స్టేషనుకు నడిచాడు.

"బీరన్నా, చాయ్ తాగుదాం రా."

"చాయ్‌కి ఎన్ని వేళ్లో ముందుగాల చెప్పు పటేలా."

ఎత్తిపొడిచాడే గాని, వచ్చాడు. హోటల్లో బల్ల దగ్గర కూర్చున్నాక కిష్టయ్య తువాల కప్పి బీరన్న చెయ్యి పట్టుకున్నాడు. "బాల్‌రాజ్, పొద్దుగాలటి పాట పెట్టు."

"అరె, బావకు పాట మీద మనసైంది," అని బాల్‌రాజ్ సూది దించాడు.

ఈసారి కిష్టయ్య పళ్లు బిగబట్టలేదు, చేతిని ఆపుకోలేదు. లావు తీగకు చెయ్యి మెత్తబడింది. డ్రమ్ములకు ఎగిరిపడింది. గిటారు కేకకు ముడుచుకుని, చెమట పట్టి, బీరన్న వేళ్ల మధ్య కొట్టుకుంది. బీరన్న అతని ముఖంలోకి చూశాడు. రెండో చెయ్యి తువాల మీద వేసి అదిమి పట్టుకున్నాడు. ఉరుముకు బెదిరిన గొర్రెను పట్టుకునే పట్టు అది.

"బంజెయ్యి పిలగా," అన్నాడు.

బాల్‌రాజ్ సూది ఎత్తేశాడు. అతని ముఖంలో నవ్వు లేదు.

"దొడ్డిల గూడ గిట్లనే వణికినవు పటేలా. నేను భయమనుకున్న."

"భయం గాదు. మోత."

"ఆఁ." బీరన్న చాయ్ ఒక గుక్క తాగాడు. "మల్ల ధరెంత?"

కిష్టయ్య తువాల కింద వేళ్లు సవరించుకున్నాడు. బీరన్న మాత్రం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "చేతితోని వద్దు. నోటితోని చెప్పు."

పక్క బల్ల దగ్గర ఇద్దరు కంది వ్యాపారులు గ్లాసులు దించి ఇటు తిరిగారు. కిష్టయ్య తన జన్మలో మొదటిసారి నలుగురి ముందు ధర చెప్పాడు. బీరన్న కందులు అతని దుకాణంలోనే దిగాయి.

మర్నాటి నుంచి వచ్చిన రైతులెవరూ చెయ్యి చాచలేదు. "నోటితోనే చెప్పు పటేలా," అన్నారు మర్యాదగానే. అతను చెప్పిన మాట పక్క దుకాణానికి వినపడేది. అక్కడివాళ్లు దాని మీద మరికాస్త పెంచి బండ్లు పిలుచుకునేవాళ్లు.

బాల్‌రాజ్ అడగకుండానే బాకాను స్టేషను వైపు తిప్పాడు. అయినా కిష్టయ్యకు వినిపిస్తూనే ఉంది. ఒక మధ్యాహ్నం దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు కంది బస్తా మీద అరచెయ్యి ఆనించాడు. లావు తీగ గింజల్లోంచి మెల్లగా చేతికి వచ్చింది. డ్రమ్ములు ఎక్కడ పడతాయో ఇప్పుడతనికి తెలుసు. అవి పడేలోగా చెయ్యి తీసేసుకున్నాడు.