మొహం లేని ముక్కలు

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి. నేను నెమ్మదిగా రాశాను, మీరూ నెమ్మదిగా చదవండి.

బస్టాండు గోడనానుకుని ఉన్న గదిలో ఒక దర్జీ ఉండేది. ఒకరోజు ఆమె అక్క కూతురు పాపను చంకనేసుకుని వచ్చి గడపలో నిలబడింది. మెడ మీద వేళ్ల అచ్చులు. దర్జీ ఏమీ అడగకుండా లోపలికి లాగి గొళ్లెం పెట్టింది.

"పాపను ఎత్తుకుపోతానన్నాడు పిన్నీ. మేమెక్కడున్నామో ఎవరికీ తెలియకూడదు."

"నా నోట్లో నువ్వుగింజ నానదనేగా నీ భయం? కుట్టేసుకుంటాలే."

కానీ అక్క ఊరుకుంటుందా? మనవరాలిని చూడక ప్రాణం కొట్టుకుపోతోందని రోజూ ఫోనే. చివరికి పిల్ల మెత్తబడి, "మొహం, గది కనపడకుండా అయితే పంపు" అని ఫోనులో ఒక యాప్ వేసిచ్చింది. పాప ఆడుతుంటే వీడియో తీయాలి. తర్వాత వేలితో జరుపుతూ నచ్చినచోట ఆపి ఫొటోగా దింపుకోవాలి. గుడ్డ కత్తిరించే చేతికి అదొక పనా! ఒకరోజు పిడికిలి, ఒకరోజు అరికాళ్లు, ఒకరోజు నడినెత్తి మీద సుడి.

"ఏమే, నా మనవరాల్ని కైమా కొట్టి పంపుతున్నావా? కదిలేది పంపవే తల్లీ," అంది అక్క.

పాప మొదటి అడుగులు వేసిన పూట దర్జీ మనసు ఆగలేదు. పిల్ల స్నానానికి వెళ్లింది. వచ్చేదాకా ఉండలేక, మోకాళ్ల కింది భాగమే కనిపించేలా వీడియోలో ఒక ముక్క కత్తిరించి అక్కకు పంపేసింది. అక్క ముచ్చట పట్టలేక దాన్ని స్టేటస్‌లో పెట్టుకుంది.

మర్నాడు మిషను తొక్కుతుంటే తెలియని నంబరు మోగింది.

"పిన్నిగారూ, బాగున్నారా? పాప నడుస్తోందే!" అల్లుడి గొంతు తేనెలా ఉంది.

"ఏ పాప బాబూ?"

"భలేవారే. ఆ మైకు పక్కన నిద్రెలా పడుతుందండీ మీకు? ఊరి పేరుతో సహా వినిపించింది." పెట్టేశాడు.

దర్జీ మిషను ఆపి ఆ ముక్కను మళ్లీ పెట్టుకుంది. తడబడే పాదాలు. వాటి వెనక, ఫలానా ఊరి బస్టాండుకు వచ్చిన ప్రయాణికులకు స్వాగతం చెబుతున్న ఆడగొంతు. ఏళ్ల తరబడి గోడవతల మోగీ మోగీ, ఆమె చెవికి అది వినపడటమే మానేసింది. బొమ్మను కత్తిరించింది గానీ, దాని వెంట శబ్దం కూడా పోతుందన్న ఊహే రాలేదు.

ఎదురింటి నర్సును బతిమాలితే, ఆమె తన స్కూటరును వెనక సందులోకి తెచ్చింది. పిల్ల ఏడవలేదు, తిట్టలేదు. పాపను గుడ్డలో చుట్టుకుని ఎక్కింది.

"పిన్నీ, మేము వెళ్లేది..."

"చెప్పకు. నాకు తెలిస్తే అక్కకు తెలుస్తుంది. అక్కకు తెలిస్తే లోకానికి తెలుస్తుంది. పో!"

సందు ఖాళీ అయ్యాక దర్జీ తన ఫోనులో బొమ్మలన్నీ చెరిపేసి మిషను ముందు కూర్చుంది. సూదిలో దారం ఎక్కడం లేదు. సాయంత్రం గడప మీద నీడ పడింది.

"ఎక్కడున్నారండీ వాళ్లు?"

"తెలియదు బాబూ. ఒట్టు, నాకు తెలియదు."

అల్లుడు నవ్వాడు. తలుపు దగ్గరికి వేసి, గొళ్లెం పెట్టి, ఆమెకెదురుగా స్టూలు లాక్కున్నాడు.

"పర్లేదండీ. మీకు తెలిసేదాకా కూర్చుంటాను."

— బొత్తాల అవ్వ, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు చెల్లెలింట్లో, కింది వాటాలో ఉంటున్నాను.