లబ్ధిదారుడు చెప్పిన మాట

ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడి మాట ఢిల్లీలో ఎవరూ కాగితం మీద పెట్టరు. నా మాట ఒక్కసారి పెట్టారు. కొంప మునిగింది దాంతోనే.

నేను పనిచేసేది సైన్సు వ్యవహారాలు చూసే ఒక సర్కారు ఆఫీసులో. కాంట్రాక్టు అటెండర్ని. ఫైళ్ళు మోయడం, మీటింగు గదిలో నీళ్ళ సీసాలు సర్దడం, టీ అందించడం. పద్దెనిమిదేళ్ళుగా ఆ గది గోడకు ఆనుకుని నిలబడి, 'ఆధారం ఉంటేనే నిర్ణయం' అని పెద్దవాళ్ళు చెప్పుకోవడం వింటూనే ఉన్నాను.

మా ఆవిడ ఛాయాదేవికి ఊపిరితిత్తులు పాడైపోయాయి. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ముక్కులోకి పంపే చిన్న మిషను ఒకటి మన దేశంలోనే కొత్తగా తయారైంది. నలభై ఇళ్ళలో పెట్టి చూడటానికి మా ఆఫీసు ఒప్పుకుంది. ఆ నలభైలో మయూర్ విహార్ ఫేజ్ త్రీలోని మా ఒంటిగది కూడా ఉంది. ఆ జాబితాలో మా పేరు ఎక్కించింది డిప్యూటీ సెక్రటరీ రంగనాథ్ గారు. ఆయనది తెనాలి, నాది ఒంగోలు దగ్గర. తెలుగువాడినన్న అభిమానం. ఆ గొట్టం ముక్కుకి ఉంటే మా ఆవిడ నాలుగు మాటలు మాట్లాడుతుంది. తీసేస్తే పావుగంటలో పెదాలు నీలం తిరుగుతాయి.

దసరా వెళ్ళాక ఆ మిషను సంగతి తేల్చే కమిటీ కూర్చుంది. వాడినవాళ్ళు ఒక్కరైనా వచ్చి మాట్లాడాలని నిబంధన. పిలిచినవాళ్ళు రాలేదు. సగంమంది ఫోనే ఎత్తలేదు. రంగనాథ్ గారు నా దగ్గరికి వచ్చారు.

"దశరథా, ఆ ట్రే పక్కనపెట్టి, అటెండరు కోటు విప్పి, ఆ చివరి కుర్చీలో కూర్చో. మిషను గురించి రెండు ముక్కలు చెప్పు."

"ఏం చెప్పమంటారు సార్?"

"ఉన్నదే చెప్పవయ్యా. రోజూ నువ్వు టీ ఇచ్చే మొహాలేగా."

రోజూ తుడిచే కుర్చీలో మొదటిసారి కూర్చున్నాను. కమిటీకి పెద్దగా పైకుర్చీలో ఉన్న మేడమ్ హిందీలో అడిగింది, ఎలా ఉంది, పనిచేస్తోందా అని. అన్నం పెట్టిన ఇంట్లో కూరెలా ఉందని అడిగితే ఉప్పు తక్కువైందని ఎవడంటాడు? "బహుత్ బఢియా హై మేడమ్" అన్నాను, చాలా బాగుందని. అక్కడితో ఆగితే బాగుండేది. మా ఆవిడ వంట చేసుకుంటోందన్నాను. మేడ మెట్లు ఎక్కి బట్టలు ఆరేస్తోందన్నాను. కొన్నిరోజులు మిషను అవసరమే పడటంలేదన్నాను. మేడమ్ నవ్వింది. ఒకాయన చప్పట్లు కొట్టాడు. ఇంకొకాయన టకటకా టైపు చేసుకున్నాడు. నేను లేచి, కోటు తొడుక్కుని, వాళ్ళ ఎంగిలి కప్పులు తీశాను.

పద్నాలుగు రోజులకు మా అమ్మాయి వాసవి ఫోనుకి మెసేజి వచ్చింది. ప్రయోగం విజయవంతంగా ముగిసింది, శుక్రవారం మిషను తీసుకెళతాం అని. దానికి తెలుగు అర్థమవుతుంది కాని నోట హిందీయే వస్తుంది. "పాపా, ఆప్‌నే ఉన్‌సే క్యా కహా థా?" అంది, వాళ్ళకేం చెప్పావు నాన్నా అని. ఏం చెప్పానో చెప్పాను. ఆ తర్వాత అది నాతో మాట్లాడలేదు.

మర్నాడు రంగనాథ్ గారి గదికి వెళ్ళాను.

"నేను చెప్పింది అబద్ధం సార్. మెట్లెక్కడం కాదు, మా ఆవిడ మంచం దిగి ఏడాదైంది."

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "అలా చెప్పమని ఎవరన్నారయ్యా నిన్ను?"

"మీరు ఇప్పించిన మిషను. మీ పరువు..."

"మన పని కొత్త వస్తువు పనిచేస్తుందో లేదో తేల్చేవరకే దశరథా. పనిచేస్తుందని తేలితే మనం తప్పుకోవాలి. ఆపైన వేరే శాఖ వాళ్ళు అందుకోవాలి."

"అందుకుంటారా?"

"వాళ్ళ విధానంలో ఇంకా లేదు. రెండేళ్ళు పట్టొచ్చు."

"బాగాలేదని చెప్పి ఉంటే?"

ఆయన కిటికీ వైపు చూశారు. "లోపాలేంటో చూడటానికి ఇంకో ఏడాది పొడిగించేవాళ్ళం."

"అయితే ఇప్పుడు రాయండి సార్, బాగాలేదని."

"మిషను మంచిదేగా."

"మంచిదే సార్. బంగారం లాంటిది."

అన్నాక గాని తెలియలేదు, మళ్ళీ అదే తప్పు చేశానని. ఆయన కాళ్ళ మీద పడ్డాను. లేపి కూర్చోబెట్టారు. మీటింగు మినిట్స్ మీద అందరి సంతకాలూ అయిపోయాయన్నారు. ఏదైనా ఆసుపత్రిలో పడక దొరుకుతుందేమో కనుక్కుంటానన్నారు. ఇంకా కనుక్కుంటూనే ఉన్నారు.

శుక్రవారం పొగమంచుకి ఎదుటి బ్లాకు కనిపించలేదు. ఆ గాలి ఎవరు పీల్చినా దగ్గే. మిషను కంపెనీ నుంచి నేహా అనే అమ్మాయి వచ్చింది. తీసుకెళ్ళే ముందు రోగికి తగిలించి పావుగంట నడిపి చూడాలట. ఛాయ వేలికి క్లిప్పు పెట్టింది. ఒంట్లో ఆక్సిజన్ తొంభైరెండు చూపించింది. కాగితం మీద టిక్కు పెట్టి సంతకానికి నా ముందుంచింది.

"ఇంకోసారి చూడు బేటీ, ఏదో చప్పుడొస్తోంది" అన్నాను హిందీలో.

చప్పుడేమీ లేదు. ఆ పిల్ల నన్ను చూసింది, ఛాయను చూసింది, ఇంకో పావుగంట నడిపింది. తొంభైరెండే.

"అంకుల్, ఇంకా ఐదు ఇళ్ళకు వెళ్ళాలి నేను."

"గాలి ఆగి ఆగి వస్తోంది. దీనివల్ల మాకు ఒరిగిందేమీ లేదు. పనికిరాని మిషను అని రాయి" అన్నాను. కమిటీ ముందు చెప్పాల్సిన మాట, మా మంచం పక్కన చెప్పాను.

"ఖరాబ్ లిఖూంగీ తో భీ లే జానా పడేగా, అంకుల్" అంది, మెల్లగా. పాడైందని రాసినా తీసుకెళ్ళక తప్పదని.

వాసవి గోడవైపు తిరిగింది. మంచం మీది నుంచి ఛాయ నన్ను పిలిచింది.

"పెట్టండి సంతకం. పాపం ఆ పిల్ల వచ్చిన దగ్గర్నుంచీ నిలబడే ఉంది. టీ చుక్కైనా ఇచ్చారా?"

ఎందరికో టీలు మోసినవాణ్ణి. నాకే తట్టలేదు.

"టీ తాగి తీసుకెళుదువుగాని బేటీ. అప్పటిదాకా మిషను నడవనీ" అన్నాను. నేహా గడియారం చూసుకుంది. తరవాత స్టూలు లాక్కుని కూర్చుంది.

ఆక్సిజన్ ఉన్న గదిలో మంట పెట్టకూడదని మా స్టవ్ వరండాలో ఉంటుంది. గిన్నె నిండా నీళ్ళు పోశాను. నలుగురికి కాదు, పదిమందికి సరిపడా. వెలిగించి, ఆరిపోకుండా ఎంత తగ్గించగలనో అంత తగ్గించాను మంట.