యహ్యా అని కుట్టిన పట్టీ

ఆస్పత్రి బట్టలుతికే విభాగంలో నాది కుట్టుపని. చిరిగిన దుప్పట్లు బాగుచేయాలి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల దుప్పట్లకు పేరు పట్టీలు వేయాలి. పట్టీ అంటే వేలెడంత తెల్లగుడ్డ ముక్క. దాని మీద ఎర్రదారంతో పేరు కుట్టి, పట్టీ నాలుగు మూలల్లో ఒక్కో పోగు వేసి దుప్పటికి తగిలిస్తాను. దుప్పటి ఆస్పత్రిది, పేరు పిల్లది. ఆ దుప్పటితో పని తీరాక కత్తెర మొనతో నాలుగు పోగులూ తెంపితే పట్టీ ఊడి వస్తుంది. పిల్ల ఇంటికే వెళ్లిందో లేదో కింద ఉన్న మాకు ఎవరూ చెప్పరు. నేనూ అడగను. పట్టీలన్నీ బిస్కెట్ డబ్బాలో వేసి మూత పెడతాను.

ఆ డబ్బాలో నా మనవరాళ్ల పట్టీలు రెండున్నాయి. ఆ పేర్లు ఏరింది నేనే. ఒకదానికి వెలుగు అని అర్థం, రెండోదానికి విజయం అని. ఇద్దరిలో ఎవరూ ఇంటికి రాలేదు.

కోడలికి మూడో కాన్పులో మగపిల్లాడు, ఏడో నెలకే పుట్టాడు. పేరు పెట్టడానికి ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు. నర్సులు వాణ్ణి ‘రెండో పెట్టె’ అనేవారు. పంతొమ్మిదో రోజున గాజుపెట్టెలోంచి తీసి తల్లి పక్కకు మారుస్తామన్నారు. కోడలు దుప్పటి పట్టుకుని నా దగ్గరికి దిగి వచ్చింది.

"యహ్యా అని కుట్టండి అత్తయ్యా."

నేను బడికి వెళ్లలేదు. మా అబ్బాయి పుస్తకాలు చూసి అక్షరాలు పట్టుకున్నాను, ఆ తర్వాత చేతికి దొరికిందల్లా చదివాను. ఆ పేరు గురించీ చదివాను. అరబ్బీలో ‘జీవిస్తాడు’ అని అర్థం చెబుతారు. ముసలితనంలో తల్లిదండ్రులు వేడుకుంటే పుట్టిన ప్రవక్త పేరు అది. అంతకుముందు ఆ పేరు ఎవరికీ లేదని గ్రంథంలో ఉంది. నేను అక్కడితో ఆగకుండా ఆయన కథలు చివరిదాకా చదివాను.

"వద్దమ్మా. ఆయన చివరికి ఏమయ్యాడో తెలుసా? రాజు చంపించాడట."

"ఎప్పుడు?"

"పెద్దయ్యాక."

"పెద్దయ్యాడు కదా!" అంది కోడలు. "నడిచాడు, మాట్లాడాడు, రాజుకే ఎదురు చెప్పాడు. మావాణ్ణి అంతదాకా రానివ్వండి. ఆపైన సంగతి వాడూ రాజూ తేల్చుకుంటారు."

ఇస్త్రీ చేసే ఆవిడ పెట్టె పక్కన పెట్టి నవ్వింది. "వాడికి నీ నోరే వస్తే ఇక రాజు పని అయిపోయినట్టే తల్లీ!"

నాకు నవ్వు రాలేదు. పేరు కుట్టాను. పట్టీని దుప్పటికి నాలుగు మూలలా తగిలించి ఇచ్చాను. కోడలు గోటితో ఒక మూల ఎత్తి చూసింది.

"ఇదేంటి అత్తయ్యా, ఇలా పైపైన వేశారు?"

"ఇక్కడ అన్నీ ఇలాగే వేస్తాం. మళ్లీ విప్పాలి కదా."

అన్నాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. అంతకుముందు రెండుసార్లూ నేను వేసింది ఈ నాలుగు పోగులే. కోడలు దుప్పటి నా ఒళ్లో పెట్టి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

పోగులు తీసేశాను. దారం రెండు పేటలు చేసి, నాలుగు వైపులా చుట్టూ గట్టి కుట్టు వేశాను. పని అయ్యేదాకా ఆమె కదల్లేదు.

ఆ దుప్పటి ఉతుక్కి నాలుగుసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ముందు పట్టీ ఉందా అని చూశాను. ఉంది. ఐదోసారి కోడలే తెచ్చింది. రెండో చేతిలో పిల్లాడున్నాడు. ఇంటికి పంపించేశారట.

పట్టీ విప్పడానికి చాలాసేపు పట్టింది. మా సూపర్‌వైజరు వచ్చి నిలబడింది.

"ఎవరు పెద్దమ్మా ఇంత బిగించింది? దుప్పటి పాడైపోదూ?"

"నేనేనమ్మా."

పట్టీని కోడలు తన పర్సులో పెట్టుకుంది. డబ్బా మూత తీయాల్సిన పని పడలేదు. వాళ్లు బయటి గేటు దాటేదాకా కిటికీలోంచి చూశాను. ఎండగా ఉంది. వాడి మొహానికి కొంగు అడ్డం పెట్టమని చెప్పలేదే అనుకున్నాను.

దుప్పటి మీద పట్టీ ఉన్నచోట నాలుగు వైపులా సూది రంధ్రాలు మిగిలాయి. ఉతికినా పూడలేదు. మర్నాడు పైనుంచి మరో పిల్ల పేరు వచ్చింది. ఆ దుప్పటే తీసుకుని, కొత్త పట్టీని ఆ రంధ్రాల మీదే ఉంచి, చుట్టూ గట్టిగా కుట్టాను.